బెంగళూరు పొగ, కిలోమీటర్ల లెక్క

చలికాలం మొదలవగానే ఢిల్లీ గాలి గురించి దేశమంతా మాట్లాడుకుంటుంది. బెంగళూరు గాలి గురించి అంత చర్చ జరగదు. సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమి, ఏడాదిలో చాలా నెలలు వీచే గాలులు, రెండు విడతల వానలు కలిసి ఈ నగరాన్ని చాలావరకు కాపాడుతున్నాయి. గాలి నాణ్యత సూచీలో ఎక్కువ రోజులు 'సంతృప్తికరం' అనో 'మధ్యస్థం' అనో కనిపిస్తుంది. అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారు చాలామంది ఈ ఊరి వాతావరణాన్ని దాని మొదటి సుగుణంగా చెప్పుకుంటారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే వాతావరణం చల్లగా ఉండటానికీ గాలి శుభ్రంగా ఉండటానికీ తేడా ఉంది, ఆ తేడాను మరిచిపోవడం వల్లనే ఇక్కడి సమస్య మీద పట్టుదలగా పని జరగడం లేదు.

ఢిల్లీ విషయంలో పొరుగు రాష్ట్రాల్లో తగలబెట్టే పంట వ్యర్థాలను ఒక కారణంగా చూపవచ్చు. బెంగళూరుకు ఆ వీలు లేదు. చుట్టూ అంత పెద్ద ఎత్తున కొయ్యకాళ్లు కాల్చే పొలాలు లేవు, నగరాన్ని ఆనుకుని పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం లేదు. ఇక్కడి గాలిలో చేరేదాంట్లో ఎక్కువ భాగం ఇక్కడి రోడ్ల మీద పుట్టేదే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆరు నగరాలపై చేయించి 2011లో వెలువరించిన అధ్యయనం బెంగళూరు పీఎం 10 (పది మైక్రాన్ల లోపు ధూళికణాల) ఉద్గారాలలో సుమారు 40 శాతం వాహనాల నుంచి, మరో 20 శాతం రోడ్డు దుమ్ము నుంచి వస్తున్నట్టు లెక్కగట్టింది. ఆ తర్వాత ఇంధనం మారింది, ఇంజన్లు మారాయి, కాబట్టి ఆ శాతాలను ఇప్పటికీ యథాతథంగా వాడటం సరికాదు. కానీ రవాణా, రోడ్డు దుమ్ము అనే రెండు ప్రధాన వనరుల స్థానం మారలేదు. ఆ దుమ్మును గాలిలోకి లేపేది కూడా చక్రాలే కనుక, నిజానికి ఆ రెండింటి మూలం ఒక్కటే.

ఎంత కాలుష్యం ఉందన్న ప్రశ్నకు జవాబు ఏ కొలబద్దతో చూస్తున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. సూక్ష్మ ధూళి అయిన పీఎం 2.5 కు భారత ప్రమాణం ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకం ప్రకారం అది 5 మైక్రోగ్రాములు. బెంగళూరు వార్షిక సగటు ముప్ఫైకి అటూఇటూగా ఉంటుంది. అంటే ఒక కొలబద్ద ప్రకారం నగరం ఉత్తీర్ణమైనట్టు, మరో దాని ప్రకారం ఆరు రెట్లు ఎక్కువ కాలుష్యంతో ఉన్నట్టు. పైగా ఇది ఊరు మొత్తానికి, ఏడాది మొత్తానికి వేసిన సగటు. సిల్క్ బోర్డు కూడలిలో ఉదయం తొమ్మిదిన్నరకు ద్విచక్ర వాహనం మీద నిలబడినవాడు పీల్చేది ఆ సగటు గాలి కాదు, ముందున్న టెంపో వదిలే పొగ. ట్రాఫిక్ పోలీసులు, ఆటో డ్రైవర్లు, డెలివరీ కుర్రాళ్లు, రోడ్డు పక్కన ఇడ్లీ బండి పెట్టుకున్నవాళ్లు రోజూ ఎనిమిది పది గంటలపాటు ఆ గాలిలోనే ఉంటారు. నగర సగటు చూసి తృప్తిపడే ప్రణాళిక వీళ్లను లెక్కలోకి తీసుకోనట్టే.

రవాణా కాలుష్యాన్ని అర్థం చేసుకోవడానికి ఒక చిన్న గుణకారం సరిపోతుంది. ఎన్ని బండ్లున్నాయి, ఒక్కో బండి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, ఒక్కో కిలోమీటరుకు ఎంత పొగ వదులుతుంది అనే మూడు అంకెల లబ్ధమే మొత్తం ఉద్గారం. గత ఇరవై ఏళ్లలో మన దేశం ఈ మూడింటిలో చివరిదాని మీదే దాదాపు శ్రమంతా పెట్టింది, అందులో మెచ్చుకోదగిన విజయాన్నీ సాధించింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా వాహనాల పొగకు పరిమితులు పెట్టే బీఎస్-6 ప్రమాణం అమల్లోకి వచ్చింది. బీఎస్-5 ను పూర్తిగా వదిలేసి బీఎస్-4 నుంచి నేరుగా దూకిన దూకుడు అది. ఇంధనంలో గంధకం పది లక్షల భాగాలకు 50 నుంచి 10 భాగాలకు తగ్గింది. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగలిగే ధూళికణాల పరిమితి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5 మిల్లీగ్రాములకు, నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 250 నుంచి 80 మిల్లీగ్రాములకు దిగింది. ఇంత తక్కువ కాలంలో ఇంత మార్పు తేవడం చిన్న విషయం కాదు.

మరి ఆ మేరకు గాలి ఎందుకు బాగుపడలేదు? మిగిలిన రెండు అంకెలు పెరిగాయి కనుక. బెంగళూరులో నమోదైన వాహనాల సంఖ్య కోటి దాటింది. అందులో మూడింట రెండు వంతులు ద్విచక్ర వాహనాలే. ఊరు ఒకవైపు దేవనహళ్లి దాకా, ఇంకోవైపు అత్తిబెలె దాకా, తూర్పున హొసకోట దాకా పాకడంతో ఒక్కో మనిషి రోజువారీ ప్రయాణ దూరం కూడా పెరిగింది. అద్దె తక్కువని కె.ఆర్.పురం అవతల ఇల్లు తీసుకున్నవాళ్లు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగానికి వెళ్లడం, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉండేవాళ్లు హెబ్బాళ దాటి పనికి పోవడం ఇక్కడ మామూలే. కిలోమీటరుకు వచ్చే పొగ సగానికి తగ్గినా, తిరిగే కిలోమీటర్లు రెండింతలైతే గాలికి మిగిలేది ఏమీ ఉండదు.

దీనికి తోడు వేగం సంగతి ఉంది. నగరాల ట్రాఫిక్‌ను కొలిచే టామ్‌టామ్ సంస్థ 2022 నివేదిక ప్రకారం బెంగళూరు నగర కేంద్రంలో పది కిలోమీటర్ల ప్రయాణానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పట్టింది. ఆ ఏడాది లండన్ తర్వాత ప్రపంచంలో అంత నెమ్మదైన నగర కేంద్రం ఇంకొకటి లేదు. నిలిచి కదిలే ప్రయాణంలో ఇంజను మాటిమాటికీ వేగం పుంజుకోవాలి, మధ్యలో ఊరికే తిరుగుతూ ఇంధనం కాల్చాలి. ప్రయోగశాలలో నమోదైన ఉద్గారానికీ మారతహళ్లి వంతెన మీద వెలువడే ఉద్గారానికీ పొంతన ఉండకపోవడానికి ఇది మొదటి కారణం. రెండో కారణం తక్కువమంది గమనిస్తారు. కొత్త డీజిల్ బండ్లలో మసిని పట్టి ఉంచే జల్లెడ ఉంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టడానికి యూరియా ద్రావణం వాడే ఏర్పాటు ఉంటుంది. ఈ రెండూ సరిగా పనిచేయాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి. హైవే మీద గంటసేపు నడిచే లారీలో ఆ వేడి సులభంగా వస్తుంది. అదే బండి సిగ్నలు నుంచి సిగ్నలుకు పాకుతుంటే పొగ చల్లబడుతుంది, జల్లెడ తనను తాను శుభ్రం చేసుకోలేదు, యూరియా చల్లడం కుదరదు. అంటే ఎంతో ఖర్చు పెట్టి తెచ్చిన సాంకేతికత, గాలికి దాని అవసరం ఎక్కువగా ఉన్న చోటే సగం శక్తితో పనిచేస్తుంది.

వాడుకలో ఉన్న బండ్లను తనిఖీ చేసే పద్ధతి ఇంకా బలహీనం. పెట్రోలు బంకు పక్కన చిన్న గదిలో ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం పెట్రోలు బండిలో కార్బన్ మోనాక్సైడునూ హైడ్రోకార్బన్లనూ, డీజిల్ బండిలో పొగ సాంద్రతనూ చూస్తారు. ఆరోగ్యానికి అన్నిటికంటే కీలకమైన సూక్ష్మ ధూళికణాలనూ నైట్రోజన్ ఆక్సైడ్లనూ ఆ పరీక్ష కొలవదు. బండి నిలబడి ఉన్నప్పుడు చేసే పరీక్ష కనుక బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు అది ఏం వదులుతుందో తెలియదు. రోడ్డు పక్కన కాంతికిరణం పంపి, దాటిపోయే ప్రతి బండి పొగనూ క్షణంలో చదివే పరికరాలు చాలాకాలంగా అందుబాటులో ఉన్నాయి. కోల్‌కతా వాటిని ఎప్పుడో వాడి చూసింది. వాహనాలలో కొద్ది శాతమే మొత్తం పొగలో పెద్ద వాటాకు కారణమవుతాయని ఇలాంటి కొలతలు జరిగిన ప్రతిచోటా తేలింది. ఆ కొద్ది బండ్లను పట్టుకోవడానికి కోటి బండ్లనూ ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి బంకు దగ్గర వరుసలో నిలబెట్టడం కన్నా ఈ పద్ధతి మేలు.

విద్యుత్ వాహనాల దగ్గరికి వస్తే, కర్ణాటక 2017లోనే ప్రత్యేక విధానం ప్రకటించింది, దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రం ఇదే. ద్విచక్ర వాహనాలూ ఆటోలూ విద్యుత్‌కు మారడం వల్ల కలిగే లాభాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. డెలివరీ బండి రోజుకు వంద కిలోమీటర్ల దాకా తిరుగుతుంది, ఆటో కూడా అంతే. ఇంట్లో నిలబడి ఉండే రెండో కారును విద్యుత్‌కు మార్చడం కన్నా ఇలాంటి ఒక బండిని మార్చడం వల్ల గాలికి ఎన్నో రెట్లు ఉపకారం. సబ్సిడీ ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం బండి ధరను బట్టి కాకుండా అది తిరిగే దూరాన్ని బట్టి జరగాలన్నది దీని నుంచి సహజంగా వచ్చే ముగింపు. ఖరీదైన విద్యుత్ కార్లకు 2024 దాకా రోడ్డు పన్ను మాఫీ చేయడం గాలి పేరుతో జరిగిన అపాత్రదానం. అవి కూడా అంతే చోటు ఆక్రమిస్తాయి, వెనకున్న బస్సును అంతే సేపు ఆపుతాయి, బ్యాటరీ బరువు వల్ల టైర్లు ఇంకాస్త ఎక్కువ అరిగి ఆ పొడి గాలిలో కలుస్తుంది. పొగగొట్టం లేదు కనుక మేలే, కానీ దుమ్ము తగ్గదు, రద్దీ తగ్గదు.

ఆ విద్యుత్ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. దీనికి జవాబు తెలుగువారికి దగ్గరి ప్రాంతంలోనే ఉంది. అనంతపురం సరిహద్దును ఆనుకుని, తెలుగు మాట్లాడేవారు ఎక్కువగా ఉండే పావగడ తాలూకాలో సుమారు 13 వేల ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర పార్కు ఉంది. కరువుతో పంటలు పండని భూమిని రైతులు కౌలుకు ఇవ్వగా వెలిసిన పార్కు అది. ఆ కరెంటు పగలే పుడుతుంది, బెంగళూరు విద్యుత్ బస్సులేమో ఎక్కువగా రాత్రి డిపోలలో ఛార్జింగ్ పెట్టుకుంటాయి, ఆ వేళకు బొగ్గు కేంద్రాల వాటా పెరుగుతుంది. ఉదయపు రద్దీకీ సాయంత్రపు రద్దీకీ మధ్య, పదకొండు నుంచి మూడు దాకా, బస్సుల్లో కొన్నింటికి ఎలాగూ పెద్ద పని ఉండదు. ఆ నాలుగు గంటల్లో టర్మినళ్ల దగ్గర వేగంగా ఛార్జింగ్ చేసే ఏర్పాటు పెంచితే, పావగడ ఎండ నేరుగా మెజెస్టిక్ బస్టాండులోని బస్సుకు అందుతుంది. దీనికి కొత్త సాంకేతికత అక్కర్లేదు, షెడ్యూళ్లు వేసే విభాగమూ విద్యుత్ సంస్థా ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు.

అసలు విషయం బస్సుది. కిలోమీటర్ల లెక్కలో దానికి సాటి వచ్చే సాధనం మరొకటి లేదు. రద్దీలో లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారులో సగటున ఒకటిన్నర మంది ప్రయాణిస్తారనుకుంటే, పది కిలోమీటర్లకు ఒక్కో మనిషి వాటా సుమారు ఆరు వందల డెబ్బై మిల్లీలీటర్ల ఇంధనం. లీటరుకు మూడున్నర కిలోమీటర్లే ఇచ్చే డీజిల్ బస్సులో యాభై మంది ఉంటే అదే దూరానికి ఒక్కొక్కరి వాటా అరవై మిల్లీలీటర్లు దాటదు. ఆ బస్సు విద్యుత్‌ది అయితే పొగ సంగతే లేదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈ లెక్క నిండుగా నడిచే బస్సుకే వర్తిస్తుంది. ఆరుగురితో తిరిగే పాత డీజిల్ బస్సు గాలికి కారు కన్నా మేలేమీ చేయదు. అందుకే బస్సుల సంఖ్యతో పాటు అవి ఎక్కడ, ఎంత తరచుగా, ఎంత వేగంగా నడుస్తాయన్నదీ గాలి ప్రణాళికలో భాగం కావాలి.

బెంగళూరు మహానగర రవాణా సంస్థ 1997లో ఏర్పడింది. ఒకప్పుడు దేశంలోని నగర బస్సు సంస్థలకు ఆదర్శంగా నిలిచిన సంస్థ అది. మధ్యతరగతి ఉద్యోగిని కారు దింపి బస్సు ఎక్కించడానికి 'వజ్ర' పేరుతో ఏసీ వోల్వోలు నడిపింది, విమానాశ్రయానికి 'వాయువజ్ర' వేసింది, 2010 ఫిబ్రవరి నుంచి ప్రతి నెలా నాలుగో తేదీని బస్సు దినంగా పాటించింది. ఆ ఉత్సాహం తర్వాత కొనసాగలేదు. పదేళ్ల క్రితమే ఆరు వేలకు పైగా బస్సులుండగా, జనాభా, దూరాలు, వాహనాలు అన్నీ ఎంతో పెరిగిన ఇప్పటికీ ఆ సంఖ్య ఏడు వేల దరిదాపుల్లోనే ఉంది. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం మహిళలకు ఉచిత ప్రయాణం ఇచ్చిన తర్వాత బస్సులు కిక్కిరిసిపోయాయి. ఆ పథకాన్ని ఖర్చుగానే చూసేవాళ్లు ఒక విషయం గమనించాలి. బస్సు ఎక్కాలన్న కోరిక నగరంలో ఎంత ఉందో అది బయటపెట్టింది. ఆ కోరికకు సరిపడా బస్సులు లేకపోవడమే లోటు.

విద్యుత్ బస్సుల విషయంలో మార్పు మొదలైంది. స్మార్ట్ సిటీ పథకం కింద 90 చిన్న బస్సులు, విద్యుత్ వాహనాలకు కేంద్రం సాయమిచ్చే ఫేమ్-2 పథకం కింద 300, ఆ తర్వాత ఐదు నగరాలకు కలిపి పిలిచిన పెద్ద టెండరులో బెంగళూరు వాటాగా 921 బస్సులు వచ్చాయి. అలాంటిదే మరో కేంద్ర పథకమైన పీఎం ఈ-డ్రైవ్ కింద 2025లో మరో 4,500 బస్సులను కేంద్రం బెంగళూరుకు కేటాయించింది, ఏ నగరానికీ అంతకన్నా ఎక్కువ ఇవ్వలేదు. ఇవి వస్తే ఎంతో పెద్ద మార్పు వస్తుందని ఆశపడే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. కొత్త బస్సులు పాత డీజిల్ బస్సుల స్థానంలోకి వస్తాయా, వాటికి అదనంగా వస్తాయా? స్థానంలోకి వస్తే పొగగొట్టాలు కొన్ని తగ్గుతాయి, రోడ్డు మీద కార్లు మాత్రం అలాగే ఉంటాయి. అదనంగా వస్తేనే కారు కిలోమీటర్లు తగ్గే అవకాశం ఉంది. పైగా ఈ బస్సులను ప్రైవేటు సంస్థలు నడుపుతాయి, రవాణా సంస్థ వాటికి కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. అలాంటి ఒప్పందంలో బస్సు రద్దీలో ఇరుక్కుంటే రోజుకు తిరిగే కిలోమీటర్లు తగ్గుతాయి, ప్రయాణికులు తగ్గుతారు, పెట్టుబడి మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి బస్సుకు దారి ఇవ్వడం ఆర్థికంగానూ తప్పనిసరి.

దారి ఇచ్చి చూసిన అనుభవం బెంగళూరుకు ఉంది. 2019 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు మీద కె.ఆర్.పురం దగ్గరి టిన్ ఫ్యాక్టరీ నుంచి సిల్క్ బోర్డు దాకా బస్సులకు ప్రత్యేక వరుస కేటాయించారు. 500 శ్రేణి బస్సుల్లో రోజూ వెళ్లే ఐటీ ఉద్యోగులు, వాళ్లలో వేలమంది తెలుగువాళ్లు, ఆ కొన్ని నెలలు పక్కన ఆగిపోయిన కార్లను దాటుకుంటూ పోయారు. తర్వాత కోవిడ్ వచ్చింది, మెట్రో నీలి మార్గం పనులు మొదలయ్యాయి, వరుస చెదిరిపోయింది. మెట్రో వస్తోంది కదా, ఇక బస్సు వరుస ఎందుకన్న వాదన వినిపిస్తూ ఉంటుంది. అది తప్పు. పనులు జరిగే ఏళ్లలోనే రోడ్డు ఇరుకవుతుంది, ఆ ఏళ్లలోనే తక్కువ చోటులో ఎక్కువమందిని తీసుకుపోగల బస్సుకు ప్రాధాన్యం అవసరం. కష్టకాలంలో జనం కారు కొనుక్కుంటే, మెట్రో వచ్చాక ఆ కారును వాళ్ల చేత వదిలించడం చాలా కష్టం.

మెట్రో సంగతి కొంచెం క్లుప్తంగా. 2011 అక్టోబరులో బైయప్పనహళ్లి, ఎం.జి.రోడ్డు మధ్య మొదలైన నమ్మ మెట్రో, 2023 అక్టోబరులో వైట్‌ఫీల్డ్‌కు పూర్తిగా చేరింది, 2025 ఆగస్టులో బొమ్మసంద్రకు పసుపు మార్గం తెరుచుకుంది. దాంతో అది దాదాపు 96 కిలోమీటర్ల వ్యవస్థ అయింది. పసుపు మార్గాన్ని మూడు రైళ్లతో, ఇరవై ఐదు నిమిషాలకొక రైలు చొప్పున ప్రారంభించవలసి రావడం, 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలకు పెరిగి ప్రయాణికులు కొంతకాలం తగ్గిపోవడం చూస్తే, పట్టాలు వేయడంతో పని అయిపోదని తెలుస్తుంది. ఇద్దరు దంపతులు కలిసి వెళ్తే స్కూటరు పెట్రోలు కన్నా మెట్రో ఖరీదైన పక్షంలో వాళ్లు స్కూటరే తీస్తారు. స్టేషన్ నుంచి ఇంటికి చేర్చే చివరి కిలోమీటరు కాలిబాట సరిగా లేకపోతే ఆ స్కూటరు ఇంకా ముందే బయటికి వస్తుంది. 2020 నవంబరు నుంచి కొన్ని నెలలు చర్చ్ స్ట్రీట్‌లో వారాంతాల్లో వాహనాలు ఆపి, గాలిని కొలిచి చూశారు. ఒక వీధిలో జరిగిన ఆ ప్రయత్నం మంచిదే, కానీ మెట్రో స్టేషన్ల చుట్టూ అర కిలోమీటరు మేర నడవదగిన బాట వేయడం దానికన్నా ఎక్కువమందికి ఉపయోగం.

దీనికి పూర్తిగా విరుద్ధమైన దిశలో ఉన్నది హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా దాదాపు 17 కిలోమీటర్ల సొరంగ రోడ్డు ప్రతిపాదన. రోడ్డు పెరిగితే బండ్లు సాఫీగా పోయి పొగ తగ్గుతుందన్న వాదన మొదటి రెండు మూడేళ్లకు నిజమనిపిస్తుంది. ప్రయాణం సులువైన కొద్దీ అంతకు ముందు బస్సులోనో రైల్లోనో వెళ్లినవాళ్లు కారు తీస్తారు, దూరంగా ఇళ్లు కొంటారు, రోడ్డు మళ్లీ నిండుతుంది. బెంగళూరులో ప్రతి ఫ్లైఓవరుకూ ఇదే జరిగింది. హెబ్బాళ ఫ్లైఓవరు పక్కన మళ్లీ మళ్లీ కొత్త ర్యాంపులు కట్టవలసి రావడం దానికి కళ్లెదుట కనిపించే రుజువు. వేల కోట్ల రూపాయలు కార్లు మాత్రమే వాడుకునే సొరంగంలో పెట్టడం, గాలి విషయంలో ఈ నగరం తీసుకోగల అతి తప్పు నిర్ణయాలలో ఒకటి అవుతుంది.

ఇంతవరకూ చెప్పింది నగరం లోపలి సంగతి. పొగలో పెద్ద వాటా ఉన్న లారీలు మాత్రం నగరానికి చెందినవి కావు. హైదరాబాదు నుంచి కర్నూలు, అనంతపురం, బాగేపల్లి మీదుగా 44వ జాతీయ రహదారి హెబ్బాళ దగ్గర దిగుతుంది. తిరుపతి, చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా వచ్చే దారి కె.ఆర్.పురం దగ్గర కలుస్తుంది. మదనపల్లె టమాటా, రాయలసీమ బండలు, సిమెంటు, కోళ్లు, గుడ్లు, ఈ నగరం తినేదీ కట్టుకునేదీ చాలావరకు ఈ రెండు దారుల్లోనే వస్తుంది. పగటిపూట భారీ వాహనాలకు లోపల ఆంక్షలుంటాయి కనుక అవి శివార్లలో ఆగి రాత్రి కాగానే కదులుతాయి. రద్దీ దృష్టితో ఇది సరైన ఏర్పాటే. గాలి దృష్టితో ఇందులో ఒక చిక్కు ఉంది. పగలు ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పొగ ఎత్తుకు చెదిరిపోతుంది. రాత్రి నేల చల్లబడి, గాలి పొర కిందికి దిగి మూతలా పడుతుంది, శీతాకాలంలో మరీనూ. అదే లారీ అంతే పొగ వదిలినా రాత్రి ఆ పొగ నేలకు దగ్గరగా, దట్టంగా నిలుస్తుంది. తెల్లవారుజామున నడకకు బయలుదేరినవాళ్లు పీల్చేది రాత్రి లారీల శేషమే.

ఊరిలోకి పని లేని లారీని ఊరి బయటే తిప్పడం దీనికి మొదటి మందు. కోలారు వైపు నుంచి తుమకూరు, పూణె వైపు పోయే బండికి కె.ఆర్.పురం, హెబ్బాళ, గొరగుంటెపాళ్యతో ఏ పనీ లేదు. ఉపనగరాల వలయ రహదారిలో దాబస్‌పేట, దొడ్డబళ్లాపురం, దేవనహళ్లి, హొసకోటలను కలిపే సుమారు 80 కిలోమీటర్ల భాగం 2024లో జాతికి అంకితమైంది. రవాణా రంగంలో ఈ మధ్యకాలంలో బెంగళూరు గాలికి జరిగిన మంచి పనుల్లో ఇది ముందు వరుసలో నిలుస్తుంది. అయితే రోడ్డు ఉన్నంత మాత్రాన లారీ దానిమీద పోదు. డ్రైవరు టోలునూ డీజిలునూ గంటలనూ కలిపి లెక్క వేస్తాడు, రాత్రిపూట నగరంలోంచి పోతే టోలు మిగులుతుందంటే అటే తిరుగుతాడు. బయటి వలయానికి టోలు తగ్గించి, పని లేకుండా నగరం దాటే లారీకి రుసుము వేస్తే ఆ లెక్క తిరగబడుతుంది. సరుకును రైలెక్కించడం రెండో మందు. 2020 ఆగస్టులో నేలమంగళ నుంచి సోలాపూర్ దగ్గరి బాళె దాకా లారీలనే రైలు బోగీల మీద ఎక్కించి తీసుకుపోయే సేవ మొదలైంది. హైదరాబాదు, విజయవాడ వైపు కూడా అలాంటి ఏర్పాటు గురించి ఆలోచించడానికి ఆ అనుభవం పనికొస్తుంది.

మనుషుల ప్రయాణం కూడా రాష్ట్రం హద్దు దగ్గర ఆగదు. కుప్పం నుంచి రోజూ మెమూ రైల్లో బెంగళూరు వచ్చి పనిచేసి రాత్రికి ఇల్లు చేరేవారున్నారు. హిందూపురం నుంచి కూడా అంతే. వీళ్లకు బెంగళూరు రోజూ పనికి వెళ్లే ఊరు. ఆ రైలు ఎక్కే ఒక్కో మనిషి రోడ్డు మీదికి రాకుండా ఆగిన వంద కిలోమీటర్లకు పైగా మోటారు ప్రయాణం. అయినా గాలి ప్రణాళికల్లో మెమూ రైలు మాట కనిపించదు. నగర సబర్బన్ రైలుకు 2020లో ఆమోదం వచ్చింది, నాలుగు మార్గాలు, 148 కిలోమీటర్లు, 15,767 కోట్ల రూపాయలు అన్నారు, 2022 జూన్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. 2025 ముగిసేనాటికి ఒక్క మార్గంలోనూ రైలు నడవలేదు. పండగ ముందు రాత్రి మడివాళ, మారతహళ్లి, కె.ఆర్.పురం దగ్గర ప్రైవేటు బస్సులు ఇంజను ఆపకుండా గంటలకొద్దీ ప్రయాణికుల కోసం నిలబడే దృశ్యం తెలుగువారందరికీ తెలిసిందే. ఒక్కో కూడలిలో డజన్ల కొద్దీ బస్సులు అలా నిలిస్తే ఆ రాత్రి అక్కడి గాలి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. నగరం అంచున, మెట్రో స్టేషనుకు ఆనుకుని అంతర్రాష్ట్ర బస్సుల టర్మినళ్లు కట్టి, లోపలి పికప్ పాయింట్లను ఆపేస్తే ఈ సమస్య తీరుతుంది. సంచులు మోసుకుని మెట్రో ఎక్కాల్సి వస్తుందని మొదట్లో విసుక్కున్నా, రెండు గంటల ట్రాఫిక్ తప్పుతుందని తెలిశాక ఎవరూ కాదనరు.

ఇవన్నీ ఎవరు చేయాలన్నది చివరికి తేలవలసిన చిక్కు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ఊరు ఊరుకూ విడివిడిగా ప్రణాళిక అడుగుతుంది. కర్ణాటకలో బెంగళూరు ఆ జాబితాలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 13 నగరాల్లో అనంతపురం, చిత్తూరు కూడా ఉన్నాయి. అనంతపురం దాటి బెంగళూరు చేరే ఒకే లారీ రెండు నగరాల కాలుష్యంలోనూ ఉంటుంది, ఏ నగరం ప్రణాళికా దాన్ని తనదిగా తీసుకోదు. ఈ కార్యక్రమం ప్రధానంగా పీఎం 10 నే కొలమానంగా పెట్టుకోవడం ఇంకో లోపం. ముతక దుమ్ము తగ్గినట్టు చూపడం తేలిక కనుక డబ్బు రోడ్లు ఊడ్చే యంత్రాలకూ నీళ్లు చల్లే బండ్లకూ పోతుంది. దేశవ్యాప్తంగా ఈ నిధుల్లో దాదాపు మూడింట రెండు వంతులు దుమ్ము మీదే ఖర్చయినట్టు సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో చూపింది. ఊపిరితిత్తుల లోపలి దాకా దిగి రక్తంలో కలిసే పీఎం 2.5 కు, అది పుట్టే పొగగొట్టాలకు మిగిలింది కొంచెమే. బస్సు వరుసకు, టర్మినలుకు, మధ్యాహ్నపు ఛార్జింగ్‌కు ఆ నిధులు వాడుకునే వీలు ఉంటే ఫలితం వేరుగా ఉండేది.

బెంగళూరు మహానగర భూ రవాణా ప్రాధికారం కోసం 2022లో చట్టం చేశారు. మెట్రో, బస్సు, ట్రాఫిక్ పోలీసు, రోడ్లు, సబర్బన్ రైలు ఒకే ప్రణాళిక కింద పనిచేయాలన్నది దాని ఉద్దేశం. 2025లో నగర పాలక సంస్థ ఐదు కార్పొరేషన్లుగా విడిపోయి గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం కిందికి వచ్చింది కనుక ఆ ఉమ్మడి రవాణా ప్రాధికారం అవసరం ఇంకా పెరిగింది. దానికి డబ్బు మీదా, అన్ని సంస్థల షెడ్యూళ్ల మీదా అధికారం ఇస్తేనే అది పేరుకు తగ్గట్టు పనిచేస్తుంది. దాని పరిధి కూడా హొసకోట దగ్గర ఆగిపోకుండా, ఈ నగరానికి రోజూ మనుషులనూ సరుకునూ పంపే కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు, కుప్పం, హిందూపురాలతో ముడిపడాలి, అందుకు మూడు రాష్ట్రాల మధ్య ఒక శాశ్వత ఏర్పాటు కావాలి.

ఈ అవసరం దూరంలో ఏమీ లేదు. హొసకోట నుంచి మాలూరు, కోలారు బంగారు గనులు, వి.కోట, పలమనేరు, చిత్తూరు మీదుగా చెన్నైకి పోయే సుమారు 260 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ వే కర్ణాటక భాగం మీద 2024 చివరి నుంచే బండ్లు తిరుగుతున్నాయి. మిగతాది కూడా తెరుచుకున్నాక పలమనేరు, వి.కోట వాసులకు బెంగళూరు గంటన్నర లోపు కారు ప్రయాణం అవుతుంది. ఆ కార్లన్నీ హొసకోట దగ్గర దిగుతాయి. మెట్రో దానికి ఎంతో దూరం లేని వైట్‌ఫీల్డ్, కాడుగోడి దగ్గర ఆగిపోయింది. ఆ మధ్య దూరానికి ఐదు నిమిషాలకొక విద్యుత్ బస్సు, హొసకోటలో కారు నిలిపే చోటు ఇప్పుడే ఏర్పాటు చేయడానికి సమయం ఇంకా ఉంది.